ఎర్రగా కనిపించే క్వాసార్లన్నీ ధూళి మాటునవి కావు

సంపాదకులకు నమస్కారం.

అతి దూరపు గెలాక్సీల నడిబొడ్డున మిరుమిట్లు గొలుపుతూ వెలిగే క్వాసార్ల గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసాన్ని మా ఇంట్లో ఒకరి తర్వాత ఒకరం ముగ్గురం చదివాం. డిగ్రీ విద్యార్థులకు ముప్పై ఏళ్లకు పైగా భౌతికశాస్త్రం చెప్పి, ఇప్పుడు గుంటూరు బ్రాడీపేటలో విశ్రాంతిగా ఉంటున్నవాణ్ని కనుక, ఇలాంటి విషయాన్ని పొద్దున కాఫీ తాగుతూ తెలుగులో చదువుకోగలగడం నాకు నిజంగా సంతోషం కలిగించింది. అయితే ఇంటర్మీడియట్ చదువుతున్న మా మనవరాలు అందులోని ఒక వాక్యం దగ్గర ఆగిపోయింది. ధూళి కమ్మిన క్వాసార్లు ఎర్రగా కనిపిస్తాయనీ, ఎక్స్-కిరణాలు మాత్రం ఆ ధూళిని దూసుకుని మనదాకా వచ్చేస్తాయనీ వ్యాసకర్త రాశారు. "ఎక్స్-కిరణాలు అన్నిటినీ దూసుకుపోయేటట్లయితే, పోయిన వేసవిలో నాన్న చెయ్యి విరిగినప్పుడు తీసిన ఫిల్ములో ఎముక ఎలా కనబడింది తాతయ్యా?" అన్నది ఆ పిల్ల ప్రశ్న. జవాబు చెప్పబోయి, ఆ ఒక్క వాక్యంలో రెండు సగం నిజాలు ఉన్నాయని గ్రహించి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎర్రగా కనిపించిన ప్రతి క్వాసార్‌కూ ధూళే కారణం కాదు. ధూళి ఉన్నచోట దానితో కలిసి ఉండే వాయువును ఎక్స్-కిరణాలన్నీ దాటి రానూ లేవు. పైగా ఈ రెండో సంగతి ఆధారంగానే ఖగోళ శాస్త్రజ్ఞులు మొదటి సంగతిని తేల్చుకోవడానికి ప్రయత్నిస్తున్నారు.

ముందు ఒక మాట సవరణ. వ్యాసంలో రేడియో-లౌడ్ క్వాసార్లను "పెద్ద శబ్దం చేసే క్వాసార్లు" అని అనువదించారు. అంతరిక్షంలో శబ్దం ప్రసక్తే లేదు; ఆ మాటకు అర్థం రేడియో తరంగాల్లో బలంగా వెలిగేవి అని మాత్రమే. 5 గిగాహెర్ట్జ్ దగ్గర రేడియో బలాన్ని నీలికాంతి బలంతో పోల్చినప్పుడు నిష్పత్తి 10 కంటే ఎక్కువ ఉన్నవాటిని ఆ తరగతిలో చేర్చడం ఆనవాయితీ, మొత్తం క్వాసార్లలో అవి సుమారు పదింట ఒక వంతు ఉంటాయి. అన్ని క్వాసార్లలోనూ నడుమ ఒక భారీ కృష్ణబిలం, దాని చుట్టూ సుడి తిరుగుతూ వేడెక్కే వాయువు పళ్లెం ఉంటాయి. ఈ తరగతివాటిలో మాత్రం, దాదాపు కాంతి వేగంతో రెండు ఎదురెదురు దిక్కులకు చిమ్మే జెట్లు కూడా బలంగా ఉంటాయి. నేను వీటిని రేడియో-ప్రబల క్వాసార్లు అంటాను. ఇంతకన్నా మంచి మాట మీ పాఠకులు ఎవరైనా సూచిస్తే సంతోషంగా దాన్నే వాడతాను.

రెండో పొరపాటు ఇంకొంచెం పెద్దది, ఎందుకంటే అది ఒక పేరా నుంచి మరో పేరాకు పాకింది. రెడ్‌షిఫ్ట్‌నూ (విశ్వం వ్యాకోచిస్తున్నందువల్ల వర్ణపటంలోని గీతలన్నీ ఎరుపు వైపుకు జరగడం), ధూళి వల్ల కలిగే ఎరుపునూ వ్యాసకర్త ఒకటే అన్నట్టు రాశారు. 1962లో చంద్రుడు 3సి 273 అనే రేడియో మూలాన్ని కప్పిన వేళల్ని ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపుతో సిరిల్ హజార్డ్, ఆయన సహచరులు కొలిచి, దాని స్థానాన్ని కచ్చితంగా తేల్చారు. ఆ చోట కనబడిన నక్షత్రం లాంటి చుక్క వర్ణపటాన్ని అమెరికాలోని పాలొమార్ వేధశాలలో తీసిన మార్టెన్ ష్మిట్, అందులోని గీతలు మనకు తెలిసిన హైడ్రోజన్ గీతలేననీ, అన్నీ ఒకే నిష్పత్తిలో ఎరుపు వైపుకు జరిగాయనీ 1963లో గుర్తించారు. రెడ్‌షిఫ్ట్ 0.158 కనుక, 486 నానోమీటర్ల దగ్గర ఉండవలసిన గీత 563 దగ్గర కనబడుతుంది. అంత జరిగినా 3సి 273 ఎర్రగా ఉండదు, నీలంగా ఉంటుంది. తొలినాళ్లలో క్వాసార్లను మామూలు నక్షత్రాల నుంచి వేరుచేయడానికి పనికొచ్చిన గుర్తుల్లో వాటి అతినీలలోహిత మిగులు ఒకటి. మంగళగిరి చీర నేసేటప్పుడు అంచు నాలుగు వేళ్లు పక్కకు జరగడం ఒకటి, ఎండలో ఆరేసినందువల్ల అంచు రంగు వెలిసిపోవడం ఇంకొకటి. రెడ్‌షిఫ్ట్ మొదటిది, ధూళి చేసే పని రెండోది.

ఇక ధూళి సంగతి. వ్యాసకర్త దాన్ని జాతీయ రహదారి మీద లారీల వెనక లేచే దుమ్ముతో పోల్చారు. మన ఊరి పాఠకులకు ఆ దుమ్ము బాగా పరిచయమే గానీ, పోలిక మాత్రం సరైనది కాదు. రోడ్డు దుమ్ము రేణువులు కాంతి తరంగాల కంటే ఎన్నో రెట్లు పెద్దవి. అవి అన్ని రంగులనూ ఇంచుమించు సమానంగా అడ్డుకుంటాయి కనుక, ఆ దుమ్ములోంచి చూసిన సూర్యుడు మసకబారతాడు తప్ప పెద్దగా ఎర్రబడడు. మిర్చి యార్డులో టిక్కీలు దించుతున్నప్పుడు లేచే ఘాటైన ధూళి కూడా ఆ కోవలోదే. ఖగోళ ధూళి దీనికి భిన్నంగా సిలికేటు, కార్బన్ పదార్థాల సన్నని రేణువులతో ఉంటుంది. వాటి పరిమాణం మైక్రాన్‌లో పదో వంతు, అంతకు అటూఇటూ. కోతల తర్వాత గడ్డి తగలబెట్టినప్పుడు లేచే పొగ దీనికి కొంత దగ్గరి పోలిక, ఎందుకంటే ఆ పొగ మాటు సూర్యుడు ఎర్రగానే కనబడతాడు. సన్నని రేణువులు నీలాన్ని ఎక్కువగా, ఎరుపును తక్కువగా ఆపుతాయి. ఆపిన శక్తిని అవి తిరిగి పరారుణంలో వెదజల్లుతాయి. అయితే సుమారు 1500 కెల్విన్ల వేడికి ఈ రేణువులు ఆవిరైపోతాయి. అందువల్ల ప్రకాశవంతమైన క్వాసార్ నడిబొడ్డు నుంచి కొన్ని కాంతి సంవత్సరాల దూరం దాకా ధూళి నిలవదు, అక్కడ ఉండేది వాయువే. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను, కాసేపట్లో మళ్లీ దాని అవసరం పడుతుంది.

ఇప్పుడు మా మనవరాలి ప్రశ్నకు వస్తాను. ఎక్స్-కిరణాన్ని ఆపేది పరమాణువు. ఆ పరమాణువు గాలిలో ఉందా, రాతిలో ఉందా, పొగలో ఉందా అన్నది దానికి దాదాపు పట్టదు. పరమాణు సంఖ్య పెరిగేకొద్దీ ఆపే శక్తి చాలా వేగంగా పెరుగుతుంది; ఎముకలో కాల్షియం, ఫాస్ఫరస్ ఉండబట్టే అది కండ కంటే ఎక్కువ కిరణాలను ఆపి ఫిల్ము మీద తెల్లగా తేలుతుంది. అలాగే కిరణం శక్తి రెట్టింపైతే దాన్ని ఆపగల సామర్థ్యం ఇంచుమించు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. కాబట్టి "ఎక్స్-కిరణాలు దూసుకుపోతాయి" అన్న మాట ఎక్కువ శక్తి గల కిరణాల విషయంలో నిజం, తక్కువ శక్తి గల మృదు కిరణాల విషయంలో అబద్ధం. క్వాసార్ల చుట్టూ ఉన్న పదార్థంలో మృదు కిరణాలను పట్టి ఆపేవి ముఖ్యంగా ఆక్సిజన్, ఇనుము వంటి మూలకాలు. అవి కొంత వాయువులో, కొంత ధూళి రేణువుల్లో ఉంటాయి; మన పాలపుంతలో ధూళి బరువు వాయువు బరువులో సుమారు నూరో వంతు.

మన పాలపుంతలో ఈ రెండింటికీ ఒక లెక్క కుదిరింది. మనకూ వస్తువుకూ నడుమ చదరపు సెంటీమీటరు అడ్డకోతగా ఒక గొట్టాన్ని ఊహించుకుంటే, అందులో సుమారు 2 కోట్ల కోట్ల కోట్ల (2 పక్కన 21 సున్నలు) హైడ్రోజన్ పరమాణువులున్న చోట, వాటితో కలిసి ఉండే ధూళి కంటికి కనిపించే కాంతిని ఒక మాగ్నిట్యూడ్ మేర, అంటే రెండున్నర రెట్లు తగ్గిస్తుంది. ధూళి అయిదు మాగ్నిట్యూడ్లు, అంటే నూరు రెట్లు తగ్గించినట్లయితే అక్కడ 1 పక్కన 22 సున్నలంత వాయువు ఉండాలి. అంత వాయువు ఉంటే 1 కిలో ఎలక్ట్రాన్ వోల్టు కంటే తక్కువ శక్తి గల ఎక్స్-కిరణాలు చాలావరకు మనకు చేరవు. అంటే ధూళి నిజంగా ఉంటే ఎక్స్-కిరణ వర్ణపటంలో దాని జాడ తప్పనిసరిగా కనబడాలి, మృదువైన కొస తెగిపోయి ఉండాలి. వ్యాసకర్త చెప్పినట్టు ఎక్స్-కిరణాలు ఏ ఆటంకమూ లేకుండా వచ్చేస్తే, అది ధూళి లేదనడానికి సాక్ష్యమయ్యేదే తప్ప ధూళి ఉందనడానికి కాదు.

ఈ తనిఖీ ఎందుకు అవసరమైందంటే, రేడియో-ప్రబల క్వాసార్లకు ఎర్రబడడానికి ఇంకో దారి ఉంది. జెట్‌లోని ఎలక్ట్రాన్లు అయస్కాంత క్షేత్రంలో సుళ్లు తిరుగుతూ సింక్రోట్రాన్ వికిరణాన్ని వెలువరిస్తాయి. జెట్ మనవైపు తిరిగి ఉన్నప్పుడు ఆ వికిరణం రేడియోతో ఆగకుండా పరారుణం దాకా విస్తరించి, కంటికి కనిపించే కాంతి దగ్గరకు వచ్చేసరికి ఏటవాలుగా పడిపోతుంది. ఆ ఏటవాలు కొస వాయువు పళ్లెం నీలికాంతితో కలిస్తే మొత్తం రంగు ఎర్రబడుతుంది. ధూళి నీలాన్ని తీసేస్తుంది, జెట్ ఎరుపును కలుపుతుంది. చూసేవాడికి మాత్రం రెండూ ఒకేలా కనబడతాయి. మసకగా ఉన్న క్వాసార్లయితే, వాటి చుట్టూ ఉన్న గెలాక్సీలోని ముసలి నక్షత్రాల కాంతి కూడా రంగును ఎరుపు వైపుకు లాగుతుంది. తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అనుకోవద్దని మన పెద్దలు చెప్పింది ఇలాంటి చోటే గుర్తు చేసుకోవాలి.

1995లో రేచెల్ వెబ్‌స్టర్, ఆమె సహచరులు నేచర్ పత్రికలో ప్రచురించిన ఫలితం ఈ చర్చకు ఊపు తెచ్చింది. వారు క్వాసార్లను రంగును బట్టి కాకుండా పార్క్స్ టెలిస్కోపు రేడియో జాబితాను బట్టి ఎంచుకుని, వాటి నీలి, పరారుణ కాంతులను పోల్చారు. ధూళి రేడియో తరంగాలను ఆపలేదు కనుక ఈ పద్ధతిలో ధూళి మాటున ఉన్నవి జారిపోవు. రంగుల్లో వారికి విపరీతమైన తేడాలు కనబడ్డాయి. ఆ ఎరుపంతా ధూళిదే అయితే, నీలి రంగును బట్టి వెతికే సర్వేలు క్వాసార్లలో 80 శాతం దాకా వదిలేస్తూ ఉండవచ్చని వారు అన్నారు. అది చిన్న మాట కాదు. కొద్ది కాలానికే ఇతరులు ఆ ఎరుపులో జెట్ వంతు ఎంత అని ప్రశ్నించారు. తర్వాత ఆ బృందంలోని వారే 2001లో ప్రచురించిన విశ్లేషణలో కొన్నిటికి సింక్రోట్రాన్, కొన్నిటికి ధూళి కారణమని వేరుచేసి చూపారు. సొంత లెక్కను తామే తిరగరాసుకున్న ఆ నిజాయితీని నేను తరగతిలో చాలాసార్లు ఉదాహరణగా చెప్పాను. మీ వ్యాసం మాత్రం 1995 దగ్గరే ఆగిపోయి 80 శాతం అన్న అంకెను స్థిరపడిన సత్యంలా ఇచ్చింది.

మరి ఎక్స్-కిరణాలతో వెంటనే తేల్చేయవచ్చు కదా అంటే, రేడియో-ప్రబల క్వాసార్లలోనే అసలు చిక్కు ఉంది. కంటికి సమానంగా కనిపించే మామూలు క్వాసార్‌తో పోలిస్తే ఇవి ఎక్స్-కిరణాల్లో సగటున మూడు రెట్లు ప్రకాశవంతమని 1980ల తొలినాళ్లలోనే, ఐన్‌స్టీన్ అనే ఉపగ్రహ టెలిస్కోపు పరిశీలనలతో తెలిసింది. ఆ అదనపు వంతు చాలావరకు జెట్‌కు సంబంధించినదని భావిస్తారు. కృష్ణబిలానికి అతి దగ్గరగా పుట్టిన ఎక్స్-కిరణాలు చుట్టూ ఉన్న ధూళినీ వాయువునూ దాటి రావాలి, కానీ జెట్‌లో బాగా ఎగువన పుట్టిన ఎక్స్-కిరణాలకు ఆ అడ్డే ఉండదు. ప్రహరీ గోడ వెనక ఇల్లు చీకట్లో ఉన్నా, గోడ పైనున్న దీపం వెలుగు వీధిలో పడినట్టన్నమాట. అందుచేత రేడియో-ప్రబల క్వాసార్ ఎక్స్-కిరణాల్లో శుభ్రంగా కనిపించినంత మాత్రాన లోపల ధూళి లేదని చెప్పలేం. దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది. ఇందాక చెప్పిన ధూళి నిలవని లోపలి ప్రాంతంలోని వాయువు ఎక్స్-కిరణాలను ఆపుతుంది గానీ కాంతిని ఎర్రబరచదు, కాబట్టి మృదు కిరణాలు తెగిపోయి కూడా నీలంగానే ఉండే క్వాసార్లు కనబడుతున్నాయి. పాలపుంత లెక్కను క్వాసార్‌కు యథాతథంగా వర్తింపజేయడం అందుకే ప్రమాదం. ఒక్క సాక్షి మాట మీద తీర్పు చెప్పకుండా, హైడ్రోజన్ గీతల బలాల నిష్పత్తి, పరారుణ వెలుగు, కాంతి ధ్రువణం (కాంతి తరంగాలు ఎక్కువగా ఒకే దిశలో ఊగడం), వెలుగులో వేగంగా వచ్చే హెచ్చుతగ్గులు అన్నీ కలిపి చూస్తారు. ధ్రువణమూ చంచలత్వమూ ఎక్కువగా ఉంటే జెట్‌ను అనుమానించాలి. ఎర్ర హైడ్రోజన్ గీత నీలి గీత కంటే మామూలు మూడు రెట్లను మించి బాగా బలంగా ఉంటే ధూళిని అనుమానించాలి.

జెట్లు ఎక్స్-కిరణాల్లో ఎంత దూరం వెలుగుతాయో తెలిసిన తీరు కూడా తమాషాగానే ఉంటుంది. మన సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరు పెట్టిన చంద్ర టెలిస్కోపును 1999 జూలైలో కక్ష్యలోకి పంపాక, దాని కంటిచూపును సరిచేయడానికి చుక్కలా ఉండే ఒక వస్తువు కావలసివచ్చి పీకేఎస్ 0637-752 అనే రేడియో-ప్రబల క్వాసార్‌ను ఎంచుకున్నారు. తీరా చూస్తే అది చుక్క కాదు. పక్కన పొడవైన ఎక్స్-కిరణ జెట్ బయటపడింది. విశ్వమంతా నిండిన మైక్రోవేవ్ వికిరణాన్ని జెట్‌లోని ఎలక్ట్రాన్లు ఢీకొని ఎక్స్-కిరణాలుగా మారుస్తున్నాయని మొదట వివరించారు. అది నిజమైతే గామా కిరణాలు కూడా ఫలానా మోతాదులో రావాలి. 2008లో ప్రయోగించిన ఫెర్మీ ఉపగ్రహానికి ఆ మోతాదు కనబడలేదు. ఇది ఇంకా తేలని వ్యవహారం, అందుకే నాకు ఇష్టమైనది కూడా.

వ్యాసకర్త వాక్యం పూర్తిగా వర్తించే చోటు ఒకటుంది, న్యాయానికి దాన్నీ చెప్పాలి. సిగ్నస్ ఎ అనే శక్తిమంతమైన రేడియో గెలాక్సీ నడుమ కంటికి క్వాసార్ కనబడదు. జపాన్ ఉపగ్రహం గింగా అక్కడి నుంచి వచ్చే ఎక్కువ శక్తి ఎక్స్-కిరణాలను పట్టుకుని, 1 పక్కన 23 సున్నలను మించిన వాయువు మాటున ఒక క్వాసార్ దాగి ఉందని చూపింది. ఇలాంటి రేడియో గెలాక్సీలూ రేడియో-ప్రబల క్వాసార్లూ ఒకే జాతివనీ, మనం చూసే కోణాన్ని బట్టి ధూళి వలయం అడ్డుపడుతుందో లేదో నిర్ణయమవుతుందనీ పీటర్ బార్తెల్ 1989లో ప్రతిపాదించారు. అయితే అన్నీ కోణంతో తేలవు. ఆకాశానికి పటం గీసిన స్లోన్ సర్వేలోని క్వాసార్లను పరిశీలించి 2019లో వెలువరించిన ఒక అధ్యయనంలో, ఎర్ర క్వాసార్లు నీలివాటి కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా రేడియోలో కనబడ్డాయి. ఆ మిగులు పెద్ద పెద్ద జెట్లున్నవాటి నుంచి కాక చిన్నపాటి, బలహీనమైన రేడియో మూలాల నుంచి వచ్చింది. ధూళి తెర ఇంకా తొలగని ఒక తొలి దశను చూస్తున్నామేమోనని కొందరి ఊహ.

ఈ కథలో మనవాళ్ల పాలు ఉందని వ్యాసంలో ఒక్క ముక్కయినా లేకపోవడం నాకు కొంచెం కష్టం కలిగించింది. గోవింద్ స్వరూప్ నాయకత్వంలో 1970లో పూర్తయిన ఊటీ రేడియో టెలిస్కోపు, 530 మీటర్ల పొడవున కొండవాలు మీద పరుచుకుని, హజార్డ్ పద్ధతిలోనే చంద్రుడి చాటును వాడుకుని ఎన్నో రేడియో మూలాలను కొలిచింది. 2015 సెప్టెంబర్ 28న మన శ్రీహరికోట నుంచే వెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహాన్ని ఒకే వస్తువును ఒకే సమయంలో అతినీలలోహితంలోనూ ఎక్స్-కిరణాల్లోనూ చూసేలా రూపొందించారు. వెలుగు రోజురోజుకూ మారిపోయే క్వాసార్ విషయంలో, నీలం ఎంత పోయింది, మృదు ఎక్స్-కిరణాలు ఎంత పోయాయి అన్నది ఒకేసారి కొలవగలగడం ఎంత విలువైనదో పైన చెప్పినదాన్ని బట్టి పాఠకులే గ్రహిస్తారు.

చివరగా ఆ వ్యాసంతో అచ్చయిన బొమ్మ. అందులో క్వాసార్ నుంచి సాగిన ఎర్రని చారను "ఎర్రని ధూళి మేఘం" అని కింద రాశారు. అలాంటి బొమ్మల్లో రేడియో తరంగాలకు ఒక రంగు, ఎక్స్-కిరణాలకు ఇంకో రంగు తయారుచేసినవారే ఎంచుకుంటారు. ఆ ఎర్రచార రేడియో జెట్, దానిలో ధూళి లేదు. మా మనవరాలు ఆ బొమ్మను కత్తిరించి తన భౌతికశాస్త్రం నోటుపుస్తకంలో అంటించుకుంది. కింది వ్యాఖ్యను మాత్రం నేను పెన్సిల్‌తో కొట్టివేశాను. మీరు సరిచేసి వేస్తే, ఆ ముక్కను దాని మీద అతికించుకుంటానంటోంది.

ఇట్లు,
భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
బ్రాడీపేట, గుంటూరు.